పిల్లలు ‘ఎందుకు’ అని అడిగినప్పుడు: ఒక ఫిజికల్ సైన్స్ టీచరు పద్ధతి

ఎనిమిదో తరగతిలో చల్లటి నీళ్ళ గ్లాసు ఒకటి బల్ల మీద పెట్టి, ‘దీని బయట చుక్కలు ఎందుకు వచ్చాయి?’ అని అడిగి చూడండి. ముందు బెంచీలన్నీ ఒకే గొంతుతో ‘సాంద్రీకరణం వల్ల మేడమ్’ అంటాయి. ‘సరే, ఆ నీళ్ళు ఎక్కడివి?’ అని ఇంకో ప్రశ్న వేస్తే కొందరు కిటికీ వైపు చూస్తారు, కొందరు పుస్తకం తిరగేస్తారు. చివరి బెంచీ నుంచి ఎవరో ఒకరు గొంతు తగ్గించి ‘లోపలివే కదా మేడమ్, బయటికి కారాయి’ అంటారు. నాకు ఆ చివరి బెంచీ జవాబే ఇష్టం. అది తప్పే. అయినా అందులో ఒక కారణం ఉంది. నిజమో కాదో చేసి చూడొచ్చు. ముందు బెంచీ వాళ్ళు చెప్పింది ఒక పేరు. దాన్ని ఎటు తిప్పి చూసినా పరీక్షించడానికి ఏమీ దొరకదు.

నేను బాపట్ల వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఇది తల్లిదండ్రుల కోసం, ప్రైమరీ టీచర్ల కోసం, ఇంట్లో ప్రశ్నలతో ప్రాణం తీసే పిల్లలున్న పిన్నుల కోసం, బాబాయిల కోసం. మనం ఏం చెప్తే అది పిల్లలు నమ్మేస్తారని పెద్దవాళ్ళకు ఒక అపోహ. బుర్రకు నచ్చిందో లేదో చూసుకున్నాకే వాళ్ళు ఒప్పుకుంటారు. బళ్ళో పదేళ్ళు కూర్చునేసరికి ఆ అలవాటు తగ్గిపోతుంది, దాన్ని తగ్గకుండా చూసుకోవడమే మన పని.

అదే ప్రశ్న మళ్ళీ అడుగుతున్నారంటే

మూడేళ్ళ పిల్ల ‘చందమామ మన వెంటే ఎందుకు వస్తున్నాడు?’ అంటుంది. ‘నువ్వంటే ఇష్టం కదా, అందుకు’ అంటాం. కాసేపాగి మళ్ళీ ‘ఎందుకు వస్తున్నాడు?’ అంటుంది. విసుగొస్తుంది. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా వయసున్న పిల్లల సంభాషణలు పరిశీలించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. కారణం చెప్పినప్పుడు పిల్లలు ఒప్పుకోవడమో, దాని మీద ఇంకో ప్రశ్న అడగడమో చేశారు. కారణం కానిదేదో చెప్పి దాటవేసినప్పుడు అదే ప్రశ్న మళ్ళీ అడిగారు, లేదా సొంతంగా ఒక కారణం అల్లుకున్నారు. అంటే మీ అమ్మాయి అదే ప్రశ్న మళ్ళీ అడిగిందంటే, మీ జవాబు పాస్ కాలేదని అర్థం.

గానుగెద్దులా తిరిగి మొదటికే వచ్చే జవాబులు కూడా అంతే. ‘వాన ఎందుకు పడుతుంది?’ అంటే ‘మబ్బుల్లోంచి నీళ్ళు కిందికి పడతాయి కాబట్టి.’ పెద్దవాళ్ళు రోజూ ఇలాంటివి చెప్తూనే ఉంటారు, చెప్తున్నట్టు వాళ్ళకే తెలీదు. బడికి పోయే వయసు రాని పిల్లలు కూడా వీటిని పసిగడతారు. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇద్దరు మనుషుల్ని చూపించారు. ఒకరు అసలు కారణం చెప్తారు, ఇంకొకరు ప్రశ్ననే తిప్పి జవాబుగా చెప్తారు. ఐదేళ్ళ పిల్లలు కారణం చెప్పిన మనిషి వైపే మొగ్గారు.

నాలుగేళ్ళ వయసుకే ఎవరి మాట నమ్మాలో పిల్లలు లెక్క పెట్టుకుంటారు కూడా. ఇంతకుముందు సరిగ్గా చెప్పినవాళ్ళ దగ్గరికే కొత్త విషయాలకూ వెళ్తారు. కాబట్టి తెలియనప్పుడు ‘తెలీదమ్మా, చూద్దాం’ అనేయండి. నోటికొచ్చింది చెప్పి, రేపు ఆ పిల్ల బళ్ళో ఇంకోటి విని వచ్చిందంటే, మీరు తర్వాత చెప్పే మంచి జవాబులకు కూడా విలువ పోతుంది.

‘నువ్వేమనుకుంటున్నావు?’ అని తిరిగి అడగమని ట్రైనింగుల్లో చెప్తారు. మంచిదే. కానీ మన పిల్లలకు ఆ ప్రశ్న వినగానే వైవా గుర్తొస్తుంది, తప్పు చెప్తే ఏమంటారోనని టెన్షన్. అందుకే నేను రెండు కారణాలు నేనే ముందు పెడతాను. ‘నాకు రెండు అనుమానాలున్నాయి. ఒకటి, ఆ నీళ్ళు లోపలి నుంచి వచ్చి ఉండాలి. రెండు, బయటి నుంచి వచ్చి ఉండాలి. నీకేది కరెక్ట్ అనిపిస్తోంది?’ ఇలా అడిగితే ఒక పక్షం ఎంచుకుని వాదించడం వాళ్ళకు తేలిక. కొందరైతే మూడోది కూడా చెప్తారు.

గ్లాసు, కుండ, తూకం మిషన్

పద్ధతంతా ఒకేచోట కనిపించాలంటే మా అక్క కొడుకు సంగతి చెప్పాలి. మూడో తరగతి, అనంతపురం వాళ్ళు. వేసవి సెలవులకు మా ఇంటికొచ్చాడు. ఫ్రిజ్ నీళ్ళు పోసిన స్టీలు గ్లాసు టేబుల్ మీద పెట్టగానే చుట్టూ నీళ్ళ మడుగు కట్టింది.

‘పిన్నీ, మీ గ్లాసు కారుతోంది.’

‘స్టీలు గ్లాసు కారడమేంట్రా?’

‘మా ఇంట్లో కుండ కూడా ఇట్లాగే కారుతుంది. కింద పళ్ళెం పెడతాం.’

ఇక్కడ ఆగి చూడండి. వాడి దగ్గర సాక్ష్యం ఉంది. కుండలో నీళ్ళు పోస్తే బయటంతా చెమ్మగిల్లుతుంది, అది లోపలి నీళ్ళే, మట్టి గోడలోని సన్నటి రంధ్రాల్లోంచి ఊరి వస్తుంది. ఒక పాత్రలో జరిగింది చూసి ఇంకో పాత్రకు వర్తింపజేశాడు. ఇలాంటప్పుడు ‘కాదు, అది గాల్లోని ఆవిరి’ అని మనం టక్కున చెప్పేస్తే వాడు తలూపుతాడు. కానీ కుండ చూసిన కళ్ళు కదా, లోపల వాడి నమ్మకం అలాగే ఉంటుంది. పరీక్షలో ఒకటి రాస్తాడు, ఇంట్లో ఇంకోటి నమ్ముతాడు.

అందుకే వాడి మాటనే ముందుకు లాగాను. ‘లోపలి నీళ్ళే బయటికొస్తున్నాయి అనుకుందాం. అయితే రంగునీళ్ళు పోస్తే ఏమవ్వాలి?’ ‘రంగు చుక్కలు రావాలి’ అన్నాడు. ఆరెంజ్ రస్నా కలిపి ఐసుముక్కలు వేశాం. చుక్కలు వచ్చాయి. తెల్ల రుమాలుతో తుడిచాడు. మరక లేదు. అక్కడితో తేలిపోయిందనుకుంటాం కదా? వాడేమన్నాడో చూడండి: ‘రంగు లోపలే ఆగిపోయింటుంది పిన్నీ. టీ వడగడితే ఆకు ఆగిపోదా, అట్లా.’

ఇలాంటి చోట చాలామంది పెద్దవాళ్ళు ‘నీకన్నీ అడ్డదిడ్డం వాదనలే’ అని కసురుకుంటారు. నేను మాత్రం వాడి వీపు తట్టాను. నిజానికి అది మంచి అభ్యంతరం. రంగు పరీక్ష ఆ అనుమానాన్ని తీర్చలేదు. ఇంకో పరీక్ష కావాలి. ఈసారి వంటింటి తూకం మిషన్ తీశాం, గ్రాముల్లో చూపించే డిజిటల్ రకం. గ్లాసు నిండా ఐసు, నీళ్ళు, పైన చిన్న మూత. మిషన్ ఆన్ చేసే ముందే ఇద్దరం మా మా జోస్యాలు చెప్పుకోవాలని షరతు పెట్టాను. ఇది ముఖ్యం, తర్వాత మాట మార్చడానికి ఉండదు. లోపలి నీళ్ళే బయటికొచ్చి గ్లాసుకు అంటుకుని ఉంటే మొత్తం బరువు మారకూడదు. బయటి నుంచి వస్తే పెరగాలి. వాడు ‘మారదు’ అన్నాడు, నేను ‘పెరుగుతుంది’ అన్నాను.

మిషన్ మీద 412 కనిపించింది. వాడు టేబుల్ అంచుకు గడ్డం ఆనించి కూర్చున్నాడు. కాసేపటికి 413. వెంటనే నా చేతులు చూశాడు, నేనేమైనా టేబుల్‌ను నొక్కుతున్నానేమోనని. ఫ్యాన్ ఆపమన్నాడు. ఆపాం. ఉక్కపోతలో కూర్చున్నాం. అరగంట దాటేసరికి 415. ‘అయితే నీళ్ళు ఎవరు పోశారు?’ అన్నాడు.

జవాబు చెప్పాల్సిన సమయం అదీ. అంతకు ముందు చెప్పి ఉంటే అది నా జవాబు అయ్యేది, ఇప్పుడది వాడికి కావలసిన జవాబు. ‘ఆరేసిన బట్టల్లో నీళ్ళు ఎక్కడికి పోతాయి?’ ‘గాల్లోకి.’ ‘కనిపిస్తాయా?’ ‘లేదు.’ ‘ఆ కనపడని ఆవిరి చల్లటి గ్లాసుకు తగిలితే చల్లబడి మళ్ళీ నీళ్ళవుతుంది.’ అంతే చెప్పాను. సాంద్రీకరణం అనే మాట ఆ రోజు వాడలేదు.

మరి కుండ సంగతేంటి? వాడి కారణాన్ని చెత్తబుట్టలో వేయకూడదు, ఎందుకంటే కుండ విషయంలో అదే కరెక్టు. చిన్న మట్టి ముంతలో నీళ్ళు పోసి, దానికీ మూత పెట్టి తూచాం. రాత్రంతా అలా ఉంచితే పొద్దుటికి బరువు తగ్గింది. గ్లాసు బరువు పెరిగింది, ముంత బరువు తగ్గింది. పైకి రెండూ ఒకేలా తడిగా ఉన్నాయి. ముంతలోంచి ఊరిన నీళ్ళు ఇగిరిపోతూ వేడిని తీసుకుపోతాయి, అందుకే కుండనీళ్ళు చల్లగా ఉంటాయని అప్పుడు చెప్పాను.

ఇంకో మెట్టు ఉంది, దీన్ని వదలొద్దు. ఒక కారణం సరైనదైతే అది చూడని చోట కూడా పనిచేయాలి. ‘మీ అనంతపురంలో గ్లాసుకు ఇంత చెమట పడుతుందా?’ అని అడిగాను. ‘ఇంత పట్టదు’ అన్నాడు, ఆగి, ‘అక్కడ గాల్లో నీళ్ళు తక్కువ’ అన్నాడు. నేను చెప్పలేదు. మా దగ్గర సముద్రపు గాలి, ఎప్పుడూ తేమే. అనంతపురంలో మే నెల గాలి పొడి. అందుకే అక్కడ గ్లాసు తక్కువ తడుస్తుంది, కుండనీళ్ళు మా ఊళ్ళో కంటే చల్లగా ఉంటాయి. మర్నాడు పక్కింటి ఏసీ పైపు కింద బకెట్ చూసి ‘ఇవి కూడా గాల్లోవేనా?’ అని అడిగాడు. అవును, అవీ గదిలో గాలిలోవే.

మీ ఇంట్లో తూకం మిషన్ లేకపోతే ఒక దిట్టమైన ఖాళీ గాజు సీసాను మూత గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, చల్లబడ్డాక బయటికి తీయండి. లోపల చుక్క నీళ్ళు లేకపోయినా బయట తడుస్తుంది. వాన రోజుల్లో బాగా కనిపిస్తుంది.

మార్కుల సంగతి కూడా చెప్పేస్తాను, లేకపోతే తల్లిదండ్రులు నన్ను వదలరు. పిల్లలు ముందు సొంత మాటల్లో రాయాలి: గాల్లో ఆవిరి ఉంది, చల్లటి గ్లాసుకు తగిలి వేడి కోల్పోయింది, నీటిబొట్లయింది. ఆ తర్వాత ‘దీన్నే సాంద్రీకరణం అంటారు’ అని పుస్తకం మాట చేర్చాలి. పేపర్లు దిద్దేవాళ్ళకు కావలసింది కూడా ఇదే. గైడులో బట్టీ పట్టిన వాక్యం మధ్యలో మర్చిపోతే పిల్ల అక్కడే ఆగిపోతుంది. జరిగింది తెలిసిన పిల్ల ఎక్కడి నుంచైనా మొదలుపెట్టి రాసేస్తుంది.

‘దేని కోసం’ అనే కారణాలు

చిన్నపిల్లలు ప్రతిదానికీ ఒక ప్రయోజనం చూస్తారు. వాన పంటల కోసం, కొండలు ఎక్కడం కోసం. అమెరికాలో డెబొరా కెలెమెన్ అనే సైకాలజిస్టు రాళ్ళు మొనదేలి ఎందుకుంటాయని పిల్లల్ని అడిగితే, జంతువులు ఒళ్ళు గోక్కోవడానికి అన్న రకం కారణాలనే వాళ్ళు ఇష్టపడ్డారు. ముచ్చటగా ఉంటుంది, నవ్వకండి. పనిముట్లకు ఆ ఆలోచన సరిపోతుంది కూడా: గరిటె కలపడం కోసమే. ‘వాన పంటలకు పనికొస్తుంది, నిజమే. కానీ పంటలు లేని సముద్రం మీద కూడా పడుతుంది కదా, అదెలా?’ అని ‘ఎలా’ వైపు తిప్పితే చాలు. ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలతో దీని గురించి పెద్ద గొడవ అక్కర్లేదు.

భూమి గుండ్రమే, కానీ ఎక్కడ నిలబడ్డావు?

ఒకటో తరగతి పిల్లాణ్ణి అడిగినా భూమి గుండ్రంగా ఉందంటాడు. వాడి బుర్రలో ఉన్న గుండ్రం ఏదో మనకు తెలీదు. స్టెల్లా వొస్నియాడు, విలియం బ్రూవర్ అనే ఇద్దరు పరిశోధకులు 1992లో అమెరికా పిల్లల మీద చేసిన అధ్యయనం ఒకటి ప్రచురించారు. కొందరు పిల్లల భూమి లోపల డొల్లగా ఉన్న బంతి, మనుషులు దాని లోపల చదునైన నేల మీద ఉంటారు. కొందరికి రెండు భూములున్నాయి, మనం ఉండేది ఒకటి, ఆకాశంలో గుండ్రంగా ఉండేది ఇంకొకటి. అదే తరహా అధ్యయనం మన హైదరాబాద్ పిల్లలతో కూడా చేసి 1996లో ప్రచురించారు. అక్కడ భూమి నీళ్ళ మీద తేలుతుందనో, దాని కింద నీళ్ళున్నాయనో చెప్పిన పిల్లలు కనిపించారు. ఇంట్లో విన్న పురాణం, బళ్ళో విన్న పాఠం రెండింటినీ కలిపి తమకు పొసిగేలా ఒక బొమ్మ కట్టుకున్నారన్నమాట. రెండు వైపుల నుంచి వచ్చిన మాటల్నీ సర్దిచెప్పుకోవడం చిన్న పనేం కాదు.

ఇది బయటపడాలంటే నిర్వచనం అడగొద్దు. చపాతీ పిండి ముద్ద ఇచ్చి భూమిని చేయమనండి. ‘నువ్వెక్కడున్నావు? ఒక మిరియం గుచ్చు’ అనండి. ‘అక్కడి నుంచి నేరుగా రోజుల తరబడి నడుస్తూ పోతే ఎక్కడికి చేరతావు? అంచు వస్తుందా?’ ఆ చివరి ప్రశ్న ఆ పరిశోధకులదే, నేను ప్రతి ఏడాదీ ఆరో తరగతిలో వాడతాను. ‘అమెరికాలో మీ మామయ్య ఎక్కడున్నాడు, వాళ్ళకు కింద ఏది?’ అంటే ఇంకాస్త బయటికొస్తుంది. గురుత్వాకర్షణ పాఠం ఆ మిరియం దగ్గరే మొదలవ్వాలి. ‘కింద’ అంటే భూమి మధ్య వైపు అని తెలిసే దాకా మిగతాది ఏం చెప్పినా ఎక్కదు.

ఎండాకాలం సంగతి పెద్దవాళ్ళకు కూడా తకరారే. భూమి సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు ఎండాకాలం అని డిగ్రీలు చదివినవాళ్ళే అంటారు. పొయ్యికి దగ్గరగా వెళ్తే వేడి కదా, ఆ అనుభవం అంత బలమైనది. దీన్ని పిల్లలతో పరీక్షింపజేయడం సులువు. భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో, అంటే సంక్రాంతి ముందు, మనం దుప్పట్లు కప్పుకునే రోజుల్లో. అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జులై మొదట్లో 15.2 కోట్లు. రోహిణి కార్తె ఎండలకు మనం దూరంగా పోతున్నామే గానీ దగ్గరవ్వడం లేదు.

అంతకంటే బాగా పనిచేసేది క్రికెట్. డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో టెస్టు మ్యాచ్ మొదలవుతుంది. జనం పొట్టి చేతుల చొక్కాలు, టోపీలతో ఎండలో కూర్చుని ఉంటారు. ఇక్కడ మనవాళ్ళు తెల్లవారుజామున దుప్పటి కప్పుకుని టీవీ చూస్తుంటారు. ‘ఒకే భూమి, ఒకే దూరం. అక్కడ ఎండాకాలం, ఇక్కడ చలికాలం ఎలా?’ అని అడిగి ఊరుకోండి. దూరం మీద నమ్మకం అక్కడే సడలుతుంది. తర్వాత టార్చిలైటు నేల మీద నిటారుగా ఒకసారి, ఏటవాలుగా ఒకసారి వేసి, వెలుగు ఎంత మేర పరుచుకుందో చూపించండి. భూమి అక్షం ఇరవై మూడున్నర డిగ్రీలు వంగి ఉండటం గురించి అప్పుడు చెప్పొచ్చు.

గ్రహణం, రోకలి, వాట్సాప్

వినే వివరణలను పిల్లలు తూచడం నేర్వాలంటే మనకు గ్రహణం రోజును మించిన పాఠం లేదు. 2019 డిసెంబరు 26న, 2020 జూన్ 21న గ్రహణాలప్పుడు ఊళ్ళల్లో ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టడం, అది గ్రహణం విడిచేదాకా నిలబడటం టీవీల్లో చూపించారు. పిల్లలు తప్పకుండా అడుగుతారు. ‘అదంతా మూఢనమ్మకం’ అని కొట్టిపారేస్తే అది కూడా కారణం లేని జవాబే, పైగా నాయనమ్మను తక్కువ చేసినట్టు అవుతుంది. రోకలి నిజంగానే నిలబడింది కదా, పిల్లలు కళ్ళారా చూశారు.

నేర్పాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘మామూలు రోజున నిలబెట్టి చూశారా?’ ఏ మంగళవారమో నాయనమ్మనే నిలబెట్టమనండి, ఇంట్లో ఆవిడ చేతికున్న నిలకడ ఎవరికీ ఉండదు. రోకలి అడుగున ఇనప పొన్ను చదునుగా ఉంటుంది. ఓపిగ్గా పట్టుకుని, బరువు సరిగ్గా ఆ అడుగు మీద పడేలా సర్ది వదిలితే ఏ రోజైనా నిలబడుతుంది. నీళ్ళున్నా, లేకున్నా. నేల ఎగుడుదిగుడుగా ఉంటే మాత్రం గ్రహణం రోజున కూడా పడిపోతుంది. చెప్పులు లేని కాళ్ళ పిల్లల్ని కాస్త దూరంగా ఉంచండి, రోకలి బరువు తక్కువేం కాదు.

ఈ ఒక్క ప్రశ్న పట్టుబడ్డ పిల్లలు దాన్ని అన్నింటికీ వాడేస్తారు. ‘ఈ పౌడరు పాలల్లో కలుపుకుని తాగితే పొడుగవుతారు’ అని ప్రకటన వస్తే మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి ‘తాగనివాళ్ళు పెరగట్లేదా మేడమ్?’ అంది. అంతకంటే ఏం కావాలి!

ఇంకోటి, పెద్ద మాటల మోజు. 2008లో యేల్ యూనివర్సిటీలో జరిగిన ఒక అధ్యయనంలో, ఒక పనికిమాలిన వివరణకు విషయంతో సంబంధం లేని మెదడు శాస్త్రం మాటలు నాలుగు తగిలించి ఇస్తే, ఆ రంగం తెలియని పెద్దవాళ్ళకు అది ముందుకంటే మెరుగ్గా అనిపించింది. ఆ రంగంలో నిపుణులు మాత్రం బోల్తా పడలేదు. మన వాట్సాప్‌లో ‘సైంటిఫిక్ రీజన్’ అంటూ వచ్చేవాటిలో ఆ పని పాజిటివ్ ఎనర్జీ, వైబ్రేషన్స్, రేడియేషన్ అనే మాటలు చేస్తాయి. మెసేజ్‌ను పిల్లల చేతికిచ్చి, ఆ మాటల మీద పెన్నుతో గీత కొట్టి మిగిలింది చదవమనండి. ఏది దేనికి తగిలి ఏం మారిందో మిగిలిన వాక్యంలో ఉంటే పరవాలేదు. చాలావాటిలో ‘మంచిది కాబట్టి మంచిది’ అనే మిగులుతుంది. సైన్స్ పుస్తకాల వాక్యాలకు కూడా ఇదే పరీక్ష పెట్టమంటాను. మా పాఠ్యపుస్తకాల్లో కూడా కొన్ని దొరుకుతాయి, పేజీ నంబర్లు మాత్రం అడక్కండి.

మళ్ళీ వాళ్ళ చేత చెప్పించడం

విన్నది అర్థమైందో లేదో ‘అర్థమైందా?’ అని అడిగితే తెలీదు. ఆ ప్రశ్నకు మన పిల్లలకు ఒకే జవాబు తెలుసు. వాళ్ళ చేత చెప్పించాలి. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు పళ్ళచక్రాలున్న ఒక బొమ్మ మిషన్ చూపించి, కొందరిని అది ఎలా పనిచేస్తుందో వివరించమన్నారు. వివరించిన పిల్లలకు చక్రాల పని బాగా అంతుబట్టింది. చక్రాల రంగులు గుర్తుపెట్టుకోవడంలో మాత్రం ఏ లాభమూ లేదు. కాబట్టి ఏది ఎలా పనిచేస్తుందో తెలియాల్సిన విషయాలకు చెప్పించండి. మూలకాల సంకేతాలు, ప్రమాణాల పేర్లకు చెప్పించడం అనవసరం, అవి పదిసార్లు రాయాల్సిందే.

మరీ ముందే అన్నీ చూపించేయకండి కూడా. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో నాలుగు రకాలుగా పనిచేసే బొమ్మను ఇచ్చి, ‘ఇదిగో ఇలా పనిచేస్తుంది’ అని ఒక్కటి పాఠంలా చూపించిన పిల్లలు దానితోనే ఆడారు. ఏమీ చూపించని పిల్లలు మిగతావి ఎక్కువగా వెతికారు. అయస్కాంతం కొనిస్తే ఓ పూట ఊరికే వదిలేయండి.

వివరించడంలో మన పట్టు ఎంతో తెలుసుకోవడానికి నేను పిల్లలకూ పేరెంట్స్ మీటింగుకు వచ్చినవాళ్ళకూ ఒకే పని ఇస్తాను: చూడకుండా సైకిల్ బొమ్మ గీయండి. చైను ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో, పెడళ్ళు ఎక్కడున్నాయో, ఫ్రేము ఏ చక్రానికి ఎలా తగులుతుందో చూపించాలి. 2006లో ఇంగ్లండులో లివర్‌పూల్ యూనివర్సిటీలో ఇలా అడిగితే చైనును రెండు చక్రాలకూ చుట్టేసిన పెద్దవాళ్ళున్నారు. అలా గీసిన సైకిల్‌కు హ్యాండిల్ తిరగదు. మా మీటింగుల్లో కూడా రోజూ సైకిల్ మీద పొలానికి పోయే తండ్రులు ఇలాగే గీస్తారు, గీసి వాళ్ళే పడీపడీ నవ్వుతారు. ఇలా రోజూ వాడే వస్తువు మనకు తెలుసనే అనుకుంటాం, వివరించమంటే గానీ తెలియనిదెక్కడో బయటపడదు. జిప్పు, తాళం లాంటివాటి మీద 2002లో ఇద్దరు అమెరికా పరిశోధకులు రాసినది కూడా దీని గురించే.

గీశాక సైకిల్ దగ్గరికి తీసుకెళ్ళి సరిచూడమనండి, రెండో బొమ్మ గీయించండి. రెండో బొమ్మ గీసేటప్పుడు ఎవరో ఒకరు ‘పెడల్ తొక్కడం ఆపేసినా వెనక చక్రం ఎందుకు తిరుగుతోంది?’ అని అడుగుతారు. దానికి మాటల్లో జవాబు చెప్పడం దండగ. సైకిల్ షాపులో అడిగితే అరిగిపోయిన పాత ఫ్రీవీల్ (వెనక చక్రానికి ఉండే, చైను తిప్పే పళ్ళచక్రం) ఒకటి ఇస్తారు. దాన్ని షాపతని చేతే విప్పించండి, ఆ మూత మరలు ఎదురు తిరుగుడు, మామూలుగా తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. లోపల రంపంలా వాలుగా ఉన్న పళ్ళు, వాటికి ఆనుకునే చిన్న నాలుకలు కనిపిస్తాయి. ఒకవైపు తిప్పితే నాలుక పంటికి తట్టుకుంటుంది, ఇంకోవైపు తిప్పితే టకటకమంటూ జారిపోతుంది. విప్పే ముందు కింద పాత దుప్పటి ఒకటి పరవండి. ఆవగింజకు కాస్త పెద్దవైన బాల్స్ బోలెడన్ని రాలతాయి, బీరువా కిందికి పోయినవి మళ్ళీ దొరకవు.